మన జిల్లాల చూడనీకి ఏమున్నది?

ఇక్కడ రాయక పదిహేను రోజులైంది. పత్తి ఏరుడు, కూలోళ్ల కోసం తిరుగుడు, దానికే పొద్దు సరిపోయింది. ఇయ్యాల రాసేది యూరియా గురించి కాదు, పత్తి ధర గురించి కాదు. జర పొడుగైతది. రాత్రి బువ్వ తిన్నంక తీరువడిగ చదువుండ్రి.

మా తమ్ముని కొడుకు అమెరికాల మోంటానా అనే రాష్ట్రంల చదువుతున్నడు. బోజ్‌మన్ అని ఊరు. మనోళ్లు ఎక్కువగ పోయే డల్లాస్, న్యూజెర్సీ లెక్క కాదు, అక్కడ తెలుగు మాట వినబడుడే తక్కువనట. వానితోని చదివే ఒక తెల్ల పిల్లగాడు ఉన్నడు. రైతు కుటుంబమే. గోధుమ, శనగ, మసూర్ పండిస్తరు. మాఘమాసంల మా ఇంట్ల పెండ్లి ఉన్నది, దానికి వీనితోని కలిసి వస్తనంటున్నడట. మొన్న ఫోన్ జేసి మావోడు అడిగిండు, "పెద్దనాయినా, వాడు పది రోజులు ఉంటడట. మీ దిక్కు చూడనీకి ఏమున్నది అని అడుగుతున్నడు. ఏం చెప్పాలె?"

నేను టక్కున "చార్మినార్, గోల్కొండ" అన్న.

"అవి పట్నంల ఉన్నయి పెద్దనాయినా. మన దిక్కు ఏమున్నది?"

నోట్ల మాట రాలే. యాభై ఏండ్లు దాటినయి, ఇక్కడనే పుట్టిన, ఇక్కడనే దున్నుతున్న. మన దిక్కు ఏమున్నది అంటే కండ్ల ముంగట కనబడ్డయి ఏంది? కంపెనీల పొగగొట్టాలు, రోడ్డు మీద ట్యాంకర్లు, వెంచర్ల జెండాలు. "రేపు చెప్త బిడ్డా" అని ఫోన్ పెట్టేసిన. పెట్టేసినంక నిద్ర పట్టలే. మరి వాళ్ల దిక్కు ఏమున్నదని మల్ల రోజు వాన్నే ఎదురు అడిగిన. వాడు చెప్పింది, నేను చదివింది, మన జిల్లాల తిరిగి చూసింది అన్నీ కలిపి రాస్తున్న.

ముందు లెక్కలు చూడుండ్రి. మోంటానా 3 లక్షల 80 వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ మొత్తం 1 లక్షా 12 వేలు. మూడు తెలంగాణలు పట్టినంక కూడ జాగ మిగులుతది. జనం మాత్రం 2020 లెక్కల ప్రకారం 10 లక్షల 84 వేలు. మన ఒక్క సంగారెడ్డి జిల్లాలనే 2011 లెక్కలకు 15 లక్షల మంది ఉన్నరు. ఇప్పుడు ఎంతమందో, బీహార్, ఒడిశా నుంచి వచ్చిన పిల్లగాండ్లను కలిపితే ఎంతైతదో లెక్క లేదు. అక్కడ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవాలంటే బండి తియ్యాలె. మన దగ్గర పక్కింటోళ్ల తాలింపు మన ఇంట్ల దగ్గు తెప్పిస్తది.

అంత ఖాళీ జాగ ఎట్ల ఉన్నది అని నాకు అనుమానం వచ్చింది. భూమి ఊరికె ఖాళీగ ఉండదు గద. చదివితే తెలిసింది, అది ఖాళీ జాగ కాదు, ఖాళీ చేపించిన జాగ. క్రో, బ్లాక్‌ఫీట్, షయాన్, సేలిష్ అని అక్కడి అసలు జాతులు వేల ఏండ్ల నుంచి ఉన్నయి. అడవి దున్నల లెక్కుండే బైసన్ మందల మీద వాళ్ల బతుకు. తిండి అదే, కప్పుకునే తోలు అదే, గుడారం అదే. తెల్లోళ్లు వచ్చి తుపాకులతోని కాల్చి కాల్చి, కోట్ల కొద్దీ ఉన్న మందలను 1880ల ఆఖరుకు వెయ్యికి కూడ తక్కువ చేసిండ్రు. దున్నలు పోయినంక మనుషులను రిజర్వేషన్లని గీతలు గీసి అందుల పెట్టిండ్రు. ఊకనే పోలే వాళ్లు. 1876 జూన్‌ల లిటిల్ బిగ్‌హార్న్ అనే వాగు ఒడ్డున లకోటా, షయాన్ వాళ్లు కస్టర్ అనే సైనికాధికారిని, ఆయన దళాన్ని మట్టి కరిపించిండ్రు. ఆ జాగ ఇప్పుడు చూడదగ్గ స్థలం. ఆ పక్కనే క్రో జాతి వాళ్లు ఏటా ఆగస్టుల పెద్ద జాతర చేస్తరు. వందల కొద్దీ తోలు గుడారాల లెక్క తెల్లటి డేరాలు వేసి, గుర్రాలను అలంకరించి, డప్పులు కొట్టి ఆడుతరట. మావోడు పోయి చూసిండు. "అచ్చం మన ఏడుపాయల జాతర లెక్కనే ఉన్నది పెద్దనాయినా, బోనాలొక్కటే లెవ్వు" అన్నడు.

తర్వాత ఇంకో కథ ఉన్నది, అది మనసొంటోళ్ల కథ. 1909ల అమెరికా సర్కారు ఒక చట్టం చేసింది. మెట్ట భూమి దున్నుకునేటోళ్లకు 320 ఎకరాలు ఉత్తగనే ఇస్తమని. రైలు కంపెనీలు కరపత్రాలు పంచి, బంగారం పండుతది రమ్మని జనాన్ని దించినయి. నాలుగేండ్లు వానలు మంచిగ పడ్డయి, గోధుమకు ధర ఉన్నది, అందరు అప్పులు తెచ్చి ఇంకింత దున్నిండ్రు. 1917 నుంచి కరువు మొదలైంది. మట్టి గాలికి లేచిపోయింది. యుద్ధం అయిపోయి ధర కూడ పడిపోయింది. రైతులు మునిగితే ఎవరు మునుగుతరు? బ్యాంకులు. ఆ రాష్ట్రంల సగం బ్యాంకులు మూతబడ్డయి. 1920 నుంచి 1930 దాక అమెరికా మొత్తంల జనం తగ్గిన రాష్ట్రం అదొక్కటే. 320 ఎకరాలు ఫిరీగ ఇచ్చినా నిలవలేకపోయిండ్రు. మూడెకరాల చెలక పెట్టుకొని మనం నిలబడ్డం అంటే చిన్న ముచ్చట కాదు అన్నలారా.

సరే, చూడనీకి ఏమున్నది అన్నదానికి వస్త. ఎల్లోస్టోన్ అని 1872ల పెట్టిన పార్కు, ప్రపంచంల మొదటి నేషనల్ పార్కు అని చెప్తరు. ఎక్కువ భాగం పక్క రాష్ట్రం వయోమింగ్‌ల ఉన్నది గని ఐదు గేట్లల్ల మూడు గేట్లు మోంటానా దిక్కే. 1910ల పెట్టిన గ్లేసియర్ పార్కు ఉన్నది. మంచు కొండలు, అవి ఏడాదికింత కరుగుతున్నయి. ఇవి దేవుడిచ్చినయి, వాళ్ల గొప్పతనం ఏం లేదు. నాకు నచ్చినయి వేరే రెండున్నయి.

ఒకటి బోజ్‌మన్ మ్యూజియం కథ. 1988ల క్యాథీ వాంకెల్ అని పశువులు మేపుకునే రైతు కుటుంబం ఆడామె, సెలవు దినం ఇంటోళ్లతోని నడుస్తుంటే మట్టిల ఎముక కనబడ్డది. తవ్వి తీసుకపోయి మ్యూజియంల చూపించింది. అది రాకాసి బల్లి చెయ్యి ఎముక. తవ్వితే దాదాపు మొత్తం అస్థిపంజరం బయటపడ్డది. ఇప్పుడు అసలుది వాళ్ల రాజధాని వాషింగ్టన్‌ల ఉన్నది, కంచు బొమ్మ బోజ్‌మన్ మ్యూజియం ముంగట నిలబెట్టిండ్రు. ఒక రైతు ఆడామెకు దొరికిన ఎముక అది. ఆమె పేరుతోనే దాన్ని పిలుస్తరు.

రెండోది బ్యూట్ అనే ఊరు. దాని గురించి తర్వాత చెప్త, అది మన పటాన్‌చెరు ముచ్చటతోని కలిపి చెప్పాలె.

ఇదంత విన్నంక మా ఊరి బడిల ఇంతకుముందు పనిచేసిన సారుకు ఫోన్ జేసిన. "సారూ, మన జిల్లాల చూడనీకి ఏమున్నది?" అంటే ఆయన నవ్విండు. "నువ్వు కొండాపూర్ పోయినవా ఎప్పుడన్న?" అన్నడు. కొండాపూర్‌కు ఎన్నిసార్లు పోయిన్నో లెక్కలేదు, చుట్టాలున్నరు. "ఊరికి కాదయ్యా, కోటగడ్డకు పోయినవా?" పోలే. ఆ బాట మీదికెల్లి వందసార్లు బండి మీద పోయిన గని ఆగలే.

పోయిన ఆదివారం పోయిన. మీకు చెప్తున్న, సంగారెడ్డికి అంత దగ్గర, పొలాల నడుమ, రెండు వేల ఏండ్ల కిందటి పట్నం ఉన్నది. శాతవాహనుల కాలం నాటిది. 1900ల హెన్రీ కజిన్స్ అనే దొర ఆ దిబ్బలను గుర్తించిండు. 1940ల మొదట్ల నిజాం సర్కారు పురావస్తు శాఖ పెద్ద, గులాం యజ్దానీ సాబ్ తవ్విపిచ్చిండు. ఇటుక గోడలు బయటపడ్డయి, మట్టి ఒరలు పేర్చిన బావులు బయటపడ్డయి, ఇనుము కరగబెట్టే కొలుములు బయటపడ్డయి. నాణేలే నాణేలు. గౌతమీపుత్ర శాతకర్ణి, పులుమావి, వాళ్ల పేర్ల మీద సీసంతోని, రాగితోని, ఇంకా మిశ్రమ లోహంతోని చేసినయి. నాణేలు పోసే అచ్చులు కూడ దొరికినయని, అంటే ఇక్కడ టంకశాల ఉండేదని అన్నరు. రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడ దొరికింది ఈడ! ఏసుక్రీస్తు పుట్టిన కాలంల ఏలినోడు ఆయన. అంటే మన కొండాపూర్ సరుకు ఎడ్లబండ్ల మీద రేవుకు పోయి, ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయిందన్నట్టు. ఇప్పుడు మనం పత్తి పట్టుకొని సదాశివపేట మార్కెట్ దాక పోయేసరికే నడుములు పడిపోతున్నయి.

మ్యూజియం చిన్నదే. లోపల పూసలు చూసిన. ఎర్రయి, తెల్లయి, చారలయి, మిరపగింజంత సైజుల రంధ్రం పొడిచిండ్రు. ఏం పనితనం! పిల్లలు ఆడుకునే మట్టి బొమ్మలు ఉన్నయి. ఆడోళ్ల మొకాలు, తల మీద కొప్పులు, చెవులకు పెద్ద పెద్ద కమ్మలు. ఒక కుండ పెంకును చూసి చానా సేపు నిలబడ్డ. ఎందుకంటే అట్లాంటి పెంకులు మా చెలకల నాగలి పెట్టినప్పుడల్ల లేస్తయి. చిన్నప్పటి నుంచి వాటిని ఏరి గట్టు మీద పారేస్తున్నం. మా అవ్వ వాటిని "పాతకాలపు రక్కసోళ్ల కుండలు" అనేది.

గంటన్నర ఉన్న. నేను ఉన్నంతసేపు ఇద్దరు కాలేజీ పిల్లలు తప్ప ఇంకెవ్వరు రాలే. వాళ్లు కూడ చెట్టు కింద ఫొటోలు దిగి పోయిండ్రు.

పటాన్‌చెరు కథ ఇంకా వింత. పటాన్‌చెరు అంటే మనకు కంపెనీలు, బస్టాండు, ట్రాఫిక్ జాము. దాని పాత పేరు పొట్టలకెరె. కెరె అంటే కన్నడంల చెరువు. కళ్యాణి చాళుక్యుల కాలంల, అంటే వెయ్యేండ్ల కింద, రెండో జయసింహుడు అనే రాజు ఈడ కొలువుండి పాలించిండు. ఆయన తర్వాత కొడుకు సోమేశ్వరుడు రాజధానిని కళ్యాణికి, ఇప్పటి బసవకళ్యాణ్‌కు మార్చుకున్నడు. అప్పుడు పొట్టలకెరె జైనులకు పెద్ద కేంద్రం. పాల్కురికి సోమన బసవపురాణంల కూడ ఈ ఊరి కథ వస్తది. ఈడి రాజు జైనుడు, రాణి సుగ్గలదేవి శివభక్తురాలు, జైనులకు శైవులకు పడకపోవుడు, అదంత ఆ కథ. పటాన్‌చెరుల దొరికిన జైన విగ్రహాలు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్ల మ్యూజియంల ఉన్నయి. నల్ల రాయి, నున్నగ, చేతులు కిందికి వదిలి నిలబడ్డ మనుషులు. చూసేదుంటే నాంపల్లి పోవాలె, ఊర్ల ఏం మిగలలే.

ఇక్కడ నా సొంత ముచ్చట ఒకటి చెప్పాలె. చెప్పనీకి సిగ్గే గని చెప్త.

మా చెలకకు పక్క చెలకల, గట్టు మీద ఒక రాయి ఉండేది. కూసున్న మనిషి బొమ్మ, కాళ్లు మడిచి, రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని. తలకాయ లేదు. ఊర్ల అందరు "సన్నాసి బండ" అంటరు. మా అవ్వ జొన్న కోత మొదలు పెట్టినప్పుడు మొదటి కంకి తెంపి దాని ఒళ్లె పెట్టేది. ఎందుకే అంటే, "మన కన్న ముందటి నుంచి ఆయన ఈడ కూసున్నడు బిడ్డా, ఆయన వంతు ఆయనకు ఇయ్యాలె" అనేది. అవ్వ పోయినంక మేము మానేసినం. జొన్న ఏసుడే మానేసినం గద, కంకి ఎక్కడిది.

నాలుగేండ్ల కింద పక్క చెలక ఆయన అమ్ముకున్నడు. ఆయన్ని నేను ఒక్క మాట అనను. మూడు బోర్లు ఏసి మూడు ఎండబెట్టుకున్నడు, బిడ్డ పెండ్లి ఉన్నది. ఎకరం కోట్లల్ల పోతుంటే ఎవరు ఆగుతరు. కొన్నోళ్లు వెంచర్ చేసిండ్రు. జేసీబీ వచ్చినప్పుడు నేను యాసంగి మడి కాడ ఉన్న. సాయంత్రం వచ్చి చూస్తే గట్టు లేదు, రాయి లేదు. డ్రైవర్ పిల్లగాన్ని అడిగితే, "మొరంల కలిసి రోడ్డుకు పోయింది కాకా" అన్నడు. వానికేం తెలుసు పాపం. తెలిసిన నాకే పట్టలే. ఇరవై అడుగుల దూరంల ఉన్నది, రెండెడ్లు కట్టి గుంజుకొస్తే మా దొడ్లె పెట్టుకునేటోన్ని. అట్లాంటి ఆలోచనే రాలే. సన్నాసి బండ అనుకున్న గని, మ్యూజియంలున్న నల్లరాళ్ల అన్నదమ్ముడని అనుకోలే. సారు దగ్గర ఫోన్ల పాత ఫొటో ఒకటి ఉంటే చూసి, "ఇది జైనుల బొమ్మ లెక్కనే ఉన్నది గదయ్యా" అన్నడు. మోంటానా ఆడామె ఎముక ముక్క పట్టుకొని మ్యూజియంకు పోయింది. నేను నిండు బొమ్మను రోడ్డు కింద పోనిచ్చిన.

ఇప్పుడు బ్యూట్ ముచ్చట. అది రాగి గనుల ఊరు. వందేండ్లు రాగి తవ్విండ్రు. 1955ల బెర్క్‌లీ పిట్ అని పెద్ద బొంద మొదలుపెట్టి 1982 దాక తవ్విండ్రు. గిట్టుబాటు కాక మోటర్లు బందు పెట్టి కంపెనీ పోయింది. బొందల నీళ్లు ఊరి చెరువైంది. చెరువంటే చెరువు కాదు, తేజాబు లెక్క, రాగి, ఆర్సెనిక్ అన్నీ కలిసిన ఎర్ర నీళ్లు. 1995ల మంచు బాతులు వలస పోతుంటే తుఫానుకు ఆ నీళ్ల మీద దిగినయి. 342 బాతులు చచ్చి తేలినయి. 2016ల మల్ల దిగినయి, అప్పుడు వేలల్ల చచ్చినయి. 2019 నుంచి ఆ నీళ్లు తోడి శుద్ధి చేసి వదులుతున్నరు. నేను నోరు తెరిచింది దేనికంటే, ఆ బొందను చూడనీకి టికెట్ ఉన్నది! ఒడ్డున మంచె కట్టిండ్రు, డబ్బులిచ్చి పోయి చూస్తరు. ఎట్ల పాడైంది, ఎవరు చేసిండ్రు, ఇప్పుడేం చేస్తున్నరు అన్నీ చెప్తరు.

మరి మన నక్కవాగు? పెద్దోళ్లకు యాదికున్నది. మా చిన్నప్పుడు ఆ వాగుల చాపలు పట్టిన, ఈత కొట్టిన, దాని నీళ్లతోని వరి పండిచ్చినం. 1970ల సంది పటాన్‌చెరు, బొల్లారం దిక్కు కంపెనీలు వచ్చినయి. మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు. కొలువులు వచ్చినయి, అది అబద్ధం కాదు, మా ఇంట్ల కూడ ఇద్దరు కంపెనీల జీతం తిన్నోళ్లే. గని వాగు నల్లగైంది. బర్రెలు తాగి చచ్చినయి. వరి మొలక మాడింది. రైతులు రోడ్డెక్కిండ్రు. 1990ల సుప్రీంకోర్టుల కేసు పడ్డది. పటాన్‌చెరుల డాక్టర్ కిషన్‌రావు గారు, అల్లాణి కిషన్‌రావు, రోగులను చూసుకుంటనే ఏండ్ల తరబడి ఈ కాలుష్యం మీద కొట్లాడిండు. ఆయన చేసింది మర్చిపోతే మనం మనుషులం కాదు. 1994ల కంపెనీల మురుగును శుద్ధి చేసే ప్లాంటు పెట్టిండ్రు. 2007ల స్వీడన్ దేశపు శాస్త్రవేత్తలు ఆ ప్లాంటు నుంచి శుద్ధై బయటికొచ్చే నీళ్లను పరీక్ష చేసి లెక్క బయటపెట్టిండ్రు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదట. అది మనం జరమొస్తే, విరేచనాలైతే వేసుకునే గోలి మందు. రోగి రక్తంల ఉండేదాని కంటే ఆ నీళ్లల్లనే ఎక్కువున్నదని తేల్చిండ్రు. పటాన్‌చెరు పేరు ప్రపంచంలున్న డాక్టర్లందరికి ఎరుకైంది, గట్ల.

మోంటానా రాజ్యాంగంల ఒక మాట రాసుకున్నరు, 1972ల. శుభ్రమైన, ఆరోగ్యకరమైన పరిసరాలు జనం హక్కు అని. ఆ మాట పట్టుకొని 16 మంది పిల్లగాండ్లు వాళ్ల సర్కారు మీదనే కేసు వేసి 2023ల గెలిచిండ్రు. 2024 డిసెంబర్ల వాళ్ల పెద్ద కోర్టు కూడ అదే ఖాయం చేసింది. రాగి బొంద పక్కన బతికినోళ్లకు ఆ మాట విలువ తెలిసే ఉంటది.

నేను మావోనికి చెప్పిన, "ఆ పిల్లగాన్ని నక్కవాగు కూడ తీస్కపోదాం" అని. "ఇజ్జత్ పోతది పెద్దనాయినా" అన్నడు. "వాళ్లు టికెట్ పెట్టి చూపిస్తుంటే మనకేం ఇజ్జత్ పోతదిరా? మనం పాడుచేసినమా?" అన్న.

మంచియి లెవ్వా అంటే చానా ఉన్నయి. మంజీర ఉన్నది. మహారాష్ట్ర బీడ్ దిక్కు పుట్టి, కర్ణాటక మీదికెల్లి వచ్చి, మన జిల్లాల పారి కందకుర్తి కాడ గోదాట్ల కలుస్తది. సింగూరు కింద మంజీర బరాజు దాక ఉన్న నీళ్లను 1978ల అభయారణ్యం చేసిండ్రు. మొసళ్లు ఉన్నయి, బండల మీద ఎండకు పండుకుంటయి. చలికాలం ఎక్కడెక్కడి పక్షులో వస్తయి. ఆ పక్కనే కల్పగూరుల కాకతీయుల కాలం గుడి ఉన్నది. సంగారెడ్డి పాత జైలు 1796ల కట్టింది, ఇప్పుడు మ్యూజియం, 2016ల 500 రూపాయలు కట్టి ఒక రోజు ఖైదీ లెక్క ఉండే పద్ధతి పెట్టిండ్రు. పైసలిచ్చి జైలుకు పోవుడు అంటే మా ఇంటామె నవ్వి నవ్వి సచ్చింది. జోగిపేటల 1930ల మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది, సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షుడు. నిజాం రాజ్యంల తెలుగు మాట్లాడనీకి కూడ భయపడే రోజులల్ల మన జోగిపేటల కూడిండ్రు. మెదక్ చర్చి పక్క జిల్లాలకు పోయింది గని మనదే అనుకుంట. కరువు రోజులల్ల పోస్నెట్ అనే పాస్టరు పని చేసినోళ్లకు తిండి పెట్టి కట్టిచ్చిండు, 1924 క్రిస్మస్ నాడు తెరిచిండ్రు.

ఇక్రిశాట్ గురించి మాత్రం ఆగి చెప్తా. 1972ల పెట్టిండ్రు. ఆ గోడ పక్కపొంటి పోతుంటే లోపల ఏదో పార్కు ఉన్నట్టు కొడుతది. దాని జాగాల మన్మూల్, కాచిరెడ్డిపల్లి అని రెండూర్లు ఉండేవి, వాళ్లను లేపి వేరే కాడ కూసోబెట్టిండ్రు. మోంటానాల గీతలు గీసి జరిపినంత ఘోరం కాదు గని, ఊరు పోవుడు ఊరు పోవుడే. ఆ ఊర్లోళ్లు మెట్ట భూముల జొన్న, కంది, శనగ పండించినోళ్లే. ఇప్పుడు ఆ జాగాల అవే పంటల విత్తనాలు, 140కి పైన దేశాలవి, లక్షకు మించి రకాలు చల్లటి గదులల్ల దాచిపెట్టిండ్రు. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి, ఇంకా చిరుధాన్యాలు. ఎక్కడో ఏ దేశంలనో యుద్ధమొచ్చి, కరువొచ్చి విత్తనం నాశనమైతే ఇక్కడికెల్లి తీసుకపోవచ్చు. ఆ తెల్ల పిల్లగానికి ఇది తప్పకుండ చూపియ్యాలె, శనగ పండించేటోడు గద. వానితోని ఇంకో లెక్క కూడ ఉన్నది నాకు. 2017ల మన సర్కారు బయటి బఠాణీ, శనగ, మసూర్ మీద సుంకం పెంచితే మోంటానా రైతులు లబోదిబోమన్నరు. మనకు ధర దొరకాలంటే వానికి దొరకది, వానికి దొరకాలంటే మనకు దొరకది. ఇద్దరం ఒక్క చాయ తాగుకుంట మాట్లాడాలె దాని గురించి.

అన్నిటి కన్న నేను చూపియ్యాలనుకునేది ఏందంటే జహీరాబాద్ దిక్కు పాత పంటల జాతర. పస్తాపూర్ల డీడీఎస్ సంఘం 1983ల పుట్టింది. సంఘం ఆడోళ్లు, ఎక్కువ మంది దళితులు, ఎకరం రెండెకరాలోళ్లు, ఏటా సంక్రాంతి సంది నెల రోజులు ఎడ్లబండ్లు అలంకరించి, గంపలల్ల విత్తనాలు పెట్టి ఊరూరు తిరుగుతరు. ఒక్క చెలకల పది పన్నెండు పంటలు కలిపి వేసుడు వాళ్ల పద్ధతి. యాసంగిల బోరు లేకుండ, మంచు పదునుకే పండే శనగ, కుసుమ, వీటిని సత్యం పంటలంటరు. మాచనూరుల 2008 నుంచి వాళ్లది సొంత రేడియో ఉన్నది, ఆడోళ్లే నడిపిస్తరు. 320 ఎకరాలోళ్లు ఒక్క గోధుమను నమ్ముకొని 1917 కరువుల కొట్టుకపోయిండ్రు అన్న గద. ఈ అక్కలు ఎకరంల పన్నెండు రకాలు ఏసుకొని కరువు కాలాలు దాటిండ్రు. అదే జహీరాబాద్ దిక్కు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలల్ల నిమ్జ్ కోసం 12,635 ఎకరాలు తీసుకోవాలని పెట్టుకున్నరు. అండ్ల ఎన్ని చెలకలల్ల సత్యం పంటలు పండుతున్నయో, ఎన్ని గట్ల మీద సన్నాసి బండలున్నయో మనమే చూసుకోవాలె.

నా చెలకకు కూడ బేరం వచ్చింది. రెండుసార్లు వచ్చి పోయిండ్రు. అమ్ముతనో లేదో ఇయ్యాల చెప్పలేను, అప్పు ఉన్నది, కొడుకు వేరే ఆలోచనల ఉన్నడు. కొండాపూర్ నుంచి వచ్చిన మల్లరోజు మాత్రం గట్టు పొంటి నడిచి కుండ పెంకులు ఏరిన. ఒక గంపెడైనయి. ఒక పూస కూడ దొరికింది, ఎర్రది, మిరపగింజంత. కడిగి మందుల డబ్బిల పెట్టిన. సారు వచ్చే ఆదివారం వస్తనన్నడు, ఇద్దరం కలిసి మ్యూజియంకు పట్టుకపోయి చూపిస్తం.

మీ మీ చెలకలల్ల ఇట్లాంటియి ఉంటే ఫొటో తీసి పెట్టుండ్రి. రాళ్లయితే ఏ గట్టు మీదున్నయో కూడ రాయుండ్రి. ఇంకొకటి, ఈసారి జాతర బండ్లు ఏ రోజు ఏ ఊర్ల ఉంటయో జహీరాబాద్ దిక్కోళ్లు ఎవరన్న చెప్పాలె. పెండ్లి మాఘమాసంలనే, ఆ పిల్లగానికి ఎడ్లబండి ఎక్కిస్తనని మాటిచ్చిన.